ఉప్పుపొట్లముమీది పేరు

ఉప్పుపొట్లమును విప్పుటకు ముందు దానిమీది చిన్న అక్షరములను చదువువారు కొందరే. చదివినవారికి అచ్చట ఒక్కొక్కప్పుడు 536 అను అంకె కనబడును. వానకాలములో ఉప్పు చెమ్మగిలి గడ్డకట్టకుండ, చెంచానుండి ఇసుకవలె జారుటకై కలిపెడి పదార్థమునకు అది గుర్తు. ఆ అంకెకు వెనుకనున్న వాడుకపేరు పొటాషియం ఫెర్రోసయనైడు. ఈ పేరులోని చివరిమాట ఎవరినైనను ఉలికిపడజేయును. అపరాధపరిశోధక నవలలు చదివినవారికి సయనైడును పరిచయము చేయనక్కరలేదు గదా! 2019లో మన దేశమున ఈ పేరుమీదనే ఒక అలజడి పుట్టినది. ఉప్పులో విషము కలుపుచున్నారను మాట ఇంటింటికి ప్రాకినది. అనుమతించిన పరిమితిలో ఆ పదార్థమువలన హాని లేదని భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ ప్రకటింపవలసివచ్చెను.

ఆ ప్రకటనను కొందరు నమ్మిరి, కొందరు నమ్మలేదు. నమ్మినవారికి గాని నమ్మనివారికి గాని కారణము తెలియదు. భయము పేరునుండి పుట్టినది; కనుక సమాధానమును సైతము పేరులోనే వెదకుట న్యాయము. ఈ పదార్థము ఏ కుటుంబమునకు చెందినది, ఆ కుటుంబమువారికి పేర్లు ఎట్లు పెట్టుదురు, ఆ పేర్లను ఎట్లు చదువవలెను అను విషయములను నేడు ముచ్చటింప దలచితిమి.

మాది మాటలతో నడచు వృత్తి. రేడియోలో బొమ్మ చూపుటకు వీలులేదు. ఒక దేవాలయ గోపురమును వర్ణింపవలెనన్నను, ఒక యంత్రమును వివరింపవలెనన్నను మాటలే మాకు దిక్కు. అందుచేత రసాయనశాస్త్రజ్ఞులు పెట్టు పేర్లమీద మాకు ఒకవిధమగు అసూయ కలదు. వారి పేరు ఒకటి చెవిని పడినచో, నియమము తెలిసినవాడు కాగితముమీద ఆ పదార్థపు రూపమును గీయగలడు. ఆలోచించినచో ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. త్రినేత్రుడు, చతుర్ముఖుడు, షణ్ముఖుడు అనగానే, విగ్రహమును చూడకయే, కన్నులెన్నియో ముఖములెన్నియో మనకు తెలియుచున్నది. మొదట సంఖ్య, పిదప అవయవము, అన్నియు కలిసి ఒక్కని పేరు. రసాయనశాస్త్రములోని పొడుగు పేర్లును ఇటువంటి సమాసములే.

ముందుగా కుటుంబమును పరిచయము చేసికొందము. ఇనుము, రాగి, కోబాల్టు, నికెలు, క్రోమియము, ప్లాటినము మున్నగు లోహములను పరివర్తన లోహములందురు. మూలకముల పట్టికలో ఇవి నడిమిభాగమున నుండును. ఈ లోహపరమాణువులలో ఎలక్ట్రానులు నిండని గదులు కొన్ని ఖాళీగా మిగిలియుండును. నీరు, అమ్మోనియా, క్లోరైడు, సయనైడు వంటివానివద్ద పనిలేక మిగిలిన ఎలక్ట్రానుల జంటలు ఉండును. అట్టివి లోహము చుట్టు చేరి, తమ జంటలను దానితో పంచుకొని, గట్టిగా అంటిపెట్టుకొనును. ఇట్లు చుట్టు చేరినవానికి లైగాండులని పేరు. లాటిను భాషలో కట్టుట యను అర్థముగల మాటనుండి ఇది పుట్టినది. నడుమ లోహము, చుట్టు లైగాండులు, అంతయు కలిసి ఒక్క కట్టడము. దీనినే సంక్లిష్ట మందురు.

దీనికి ఉదాహరణ మన రైతుల ఇండ్లలోనే కలదు. మైలుతుత్తము నీలముగా నుండును. దానిని పెనముమీద వేడిచేసినచో నీరు పోయి తెల్లని పొడి యగును. ఆ పొడిపై నీటిబొట్టు పడినచో మరల నీలము వచ్చును. దానిని నీటిలో కరగించి అమ్మోనియాను ధారాళముగా పోసినచో, లేతనీలము పోయి, నెమలికంఠమువంటి చిక్కని నీలము వచ్చును. ఇంతలో రాగి మారలేదు. రాగి చుట్టు కూర్చున్నవారు మారిరి. చుట్టు ఉన్నవారినిబట్టి లోహము వెలుతురులో ఏ భాగమును మ్రింగునో, ఏ భాగమును విడుచునో మారిపోవును. ఆ విడిచినదే మన కంటికి రంగుగా తోచును.

రంగులు ఇంత సొగసుగా నుండుటచే తొలినాటి శాస్త్రజ్ఞులు రంగునుబట్టియే పేర్లు పెట్టిరి. కోబాల్టు క్లోరైడు, అమ్మోనియా కలిసిన లవణములు పందొమ్మిదవ శతాబ్దములో పెక్కు తయారైనవి. వానిలో పసుపువన్నెదానిని లూటియో అనియు, ఊదాయెరుపుదానిని పర్పురియో అనియు, పచ్చనిదానిని ప్రాసియో అనియు ఫ్రాన్సు దేశపు ఫ్రెమీ మొదలగువారు పిలిచిరి. ఇవి లాటిను, గ్రీకు భాషలలోని రంగుల పేర్లు. కొంతకాలము ఈ పద్ధతి బాగుగనే నడచినది. కాని అదే అమరిక గల ఇతర లోహముల లవణములు దొరకినప్పుడు, అవి పసుపుగా లేకున్నను, వానిని లూటియో అనవలసివచ్చెను. నల్లనివానికి తెల్లయ్య యని పేరు పెట్టినట్లయినది.

అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. ఈ కోబాల్టు లవణములన్నింటిలోను ఒక కోబాల్టునకు మూడు క్లోరినులు ఉన్నవి. నీటిలో కరగించి సిల్వర్ నైట్రేటు పోసినచో క్లోరైడు తెల్లని మడ్డిగా దిగవలెను. పసుపు లవణములో మూడును దిగినవి. ఊదాయెరుపు లవణములో రెండే దిగినవి. పచ్చని లవణములో ఒక్కటే దిగినది. తక్కినవి ఎచ్చట దాగినవి? కోపెన్‌హాగెనులో యోర్గెన్‌సెన్ అను గొప్ప ప్రయోగశీలి అమ్మోనియాలు గొలుసువలె ఒకదానివెంట ఒకటి అతుకుకొనునని చెప్పి సమాధానపరచ జూచెను. కాని అది అన్నింటికి సరిపడలేదు.

1893లో జూరిక్ నగరమున ఆల్ఫ్రెడ్ వెర్నర్ అను ఇరువదియారేండ్ల యువకుడు ఈ చిక్కును విప్పెను. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చినప్పుడు సమాధానము ఆయన మనస్సులో మెరసినదనియు, లేచి కూర్చుండి మరునాటి సాయంకాలమువరకు విడువక వ్రాసెననియు చెప్పుదురు. ఆయన చెప్పినది వినుటకు చాల తేలిక. లోహమును ఒక గృహస్థుగా భావింపుడు. ఇంటిలోపల కొందరు, వాకిట కొందరు నుందురు. పిలుపు వినబడగానే వాకిటివారు వత్తురు, లోపలివారు కదలరు. పిలిచినది సిల్వర్ నైట్రేటు. కోబాల్టు ఇంటిలో ఆరు పీటలు. పసుపు లవణములో ఆరింటిమీదను అమ్మోనియాలే కూర్చున్నవి, మూడు క్లోరైడులును వాకిటనే యున్నవి. ఊదాయెరుపు లవణములో ఒక క్లోరైడు లోపలికి పోయి పీటమీద కూర్చున్నది. పచ్చనిదానిలో రెండు లోపలికి పోయినవి. ఇంటిగోడకు గుర్తుగా శాస్త్రజ్ఞులు సూత్రము వ్రాయునప్పుడు చదరపు కుండలీకరణములను వాడుదురు.

ఆ ఆరు పీటలు ఎట్లుండునో కూడ వెర్నర్ చెప్పెను. మీరు గది నడుమ నిలుచుండుడు. ముందు ఒకటి, వెనుక ఒకటి, కుడిని ఒకటి, ఎడమను ఒకటి, తలపైన ఒకటి, కాలిక్రింద ఒకటి. ఇదియే అష్టముఖి యను ఆకారము. ముఖములు ఎనిమిది, మూలలు ఆరు. ఈ ఆరు మూలలలో రెండింట క్లోరైడులను కూర్చుండబెట్టవలెనన్నచో రెండే మార్గములు కలవు: ప్రక్కప్రక్కల గాని, ఎదురెదుట గాని. అయినచో పచ్చని లవణమునకు అవే పాళ్లు గల తోడు ఒకటి లోకములో ఉండితీరవలెను. అది అప్పటికి ఎవరికిని దొరకలేదు. 1907లో వెర్నర్ దానిని తయారుచేసెను. అది ఊదారంగున నున్నది. యోర్గెన్‌సెన్ తన వాదమును విడిచి, ఓటమిని అంగీకరించెను. 1913లో వెర్నర్‌నకు నోబెలు బహుమానము లభించెను.

ఇక పేర్లు. ఇంటిలోపలివారెవరో, వాకిటివారెవరో తెలిసినపిదప రంగుతో పనిలేదు. అమరికను చెప్పినచో చాలును. ఇప్పటి అంతర్జాతీయ నియమములలో ముఖ్యమైనవి ఇవి. ధనవిద్యుత్తు గల భాగమును మొదట, ఋణవిద్యుత్తు గల భాగమును పిదప చెప్పవలెను. సంక్లిష్టములో లైగాండులను ముందు, లోహమును చివర చెప్పవలెను. లైగాండులు పలువిధములైనచో వానిని ఆంగ్లాక్షరముల వరుసలో చెప్పవలెను. ఎన్ని యున్నవో డై, ట్రై, టెట్రా, పెంటా, హెక్సా అను గ్రీకు సంఖ్యలతో తెలుపవలెను. ఋణవిద్యుత్తు గల లైగాండు పేరు ఓకారముతో ముగియవలెను. నీటికి ఆక్వా అనియు, అమ్మోనియాకు అమ్మైను అనియు ప్రత్యేకమైన పేర్లు. మొత్తము సంక్లిష్టము ఋణవిద్యుత్తు కలదైనచో లోహము పేరు ఏటు అని ముగియును. ఇనుము ఫెర్రేటు, రాగి క్యుప్రేటు, వెండి అర్జెంటేటు అగును. చిట్టచివర లోహము యొక్క ఆక్సీకరణ సంఖ్యను కుండలీకరణములలో రోమను అంకెగా వేయుదురు. ఇచ్చట మన అంకెలలో చూపుచున్నాము.

ఈ నియమముల ప్రకారము పసుపు లవణము హెక్సాఅమ్మైన్‌కోబాల్టు (3) క్లోరైడు. ఊదాయెరుపు లవణము పెంటాఅమ్మైన్‌క్లోరిడోకోబాల్టు (3) క్లోరైడు. రెండవ పేరును మరల ఒకసారి పైకి చదువుడు. అందులో క్లోరిను రెండుసార్లు వచ్చినది: ఒకమారు క్లోరిడో, ఒకమారు క్లోరైడు. క్లోరిడో ఇంటిలోనివాడు, క్లోరైడు వాకిటివాడు. పాతపుస్తకములలో క్లోరో, సయనో అని యుండును. క్లోరిడో, సయనిడో అను రూపములను వాడుమని 2005లో అంతర్జాతీయ సంఘమువారు సూచించిరి. అర్థములో మార్పు లేదు. చివరనున్న ఓకారమే గుర్తు. అది వినబడినచో ఆ వస్తువు లోహమునకు కట్టుబడినదని గ్రహింపవలెను.

ఇచ్చట ఒక చిన్న హెచ్చరిక. అమ్మైను అను మాటలో మకారము ద్విత్వము. మకారము ఒక్కటైనచో అది అమైను అను వేరొక జాతి పదార్థము. ఒకసారి అభ్యాసపఠనములో మేము ఈ ద్విత్వమును మ్రింగివేసి, ప్రక్కనున్న విజ్ఞానశాస్త్రోపన్యాసకునిచే ఆపింపబడితిమి. కల, కల్ల అను మాటలకు గల భేదమును ఎరిగిన తెలుగువానికి ఈ పొరపాటు క్షమింపదగినది కాదు.

ఇక మన ఉప్పుపొట్లమునకు మరలివత్తము. పొటాషియం ఫెర్రోసయనైడు అనునది పాతపేరు. నియమానుసారమైన పేరు పొటాషియం హెక్సాసయనిడోఫెర్రేటు (2). పేరును విప్పి చూడుడు. వాకిట పొటాషియం. లోపల నడుమ ఇనుము, దానిచుట్టు ఆరు సయనిడోలు, షణ్ముఖుడే యనవచ్చును. లెక్క సరిచూడుడు. ఇనుముపై రెండు ధనములు, ఆరు సయనైడులపై ఆరు ఋణములు; మిగిలినవి నాలుగు ఋణములు. వానిని తీర్చుటకు వాకిట నాలుగు పొటాషియములు నిలువవలెను, అన్నియే యున్నవి. విషముగా పేరుమోసిన పొటాషియం సయనైడులో లోహపు ఇల్లు లేదు. నీటిలో పడగానే సయనైడు విడివడి యథేచ్ఛగా తిరుగును. ఒకటి సయనైడు, మరియొకటి సయనిడో. పాతపేరు దాచిన భేదమును క్రొత్తపేరు ఒక్క అక్షరముతో బయటపెట్టినది.

సయనైడు మనిషిని చంపునది ఎట్లు? మన కణములలో ప్రాణవాయువును వినియోగించు ఒక ఎంజైము కలదు. అందులోని ఇనుమును సయనైడు పట్టుకొని కదలనీయదు. రక్తములో ప్రాణవాయువు ఉండియు కణములు ఊపిరాడక చచ్చును. అనగా ఇనుమును అంటిపెట్టుకొను గుణమే దాని విషగుణము. మన ఉప్పులోని పదార్థములో ఆ సయనైడులు ఆరును అదివరకే ఒక ఇనుమును పట్టుకొని యున్నవి. ఆ పట్టు మిక్కిలి గట్టిది. తినినదానిలో చాల స్వల్పభాగమే రక్తములోనికి చేరును. తక్కినది బయటికి పోవును.

మాటలతో తృప్తిపడనివారికి లెక్క చెప్పెదము. మన దేశములో కిలో ఉప్పులో ఈ జాతి పదార్థము 10 మిల్లీగ్రాములకు మించరాదని నియమము. దినమునకు 5 గ్రాముల ఉప్పు తినువానికి చేరునది 0.05 మిల్లీగ్రాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల సంయుక్త నిపుణసంఘము దేహపు బరువులో ప్రతి కిలోకును దినమునకు 0.025 మిల్లీగ్రామువరకు హానిలేదని నిర్ణయించినది. 60 కిలోల మనిషికి ఇది 1.5 మిల్లీగ్రాములు. ఉప్పులో చేరునది అందులో ముప్పదవ వంతు. ఆ ఉప్పును ఎక్కువగా తినినచో ముందు బాధపెట్టునది ఉప్పే, రక్తపుపోటు రూపమున.

అయినను పేరును సగము చదివి ధైర్యపడుటయు పొరపాటే. ఇంటిగోడ గట్టిదే కాని, కూలనిది కాదు. ఈ పదార్థమును గాఢమైన ఆమ్లముతో కలిపి మరగించినచో విషవాయువు వెలువడును. అందుచేత ప్రయోగశాలలో జాగ్రత్త చెప్పుదురు. వంటపొయ్యిమీది కుండగాని, మన పొట్టలోని ఆమ్లముగాని అంతటి పని చేయజాలవు. పేరు చివరి అంకెను సైతము విడువరాదు. అదే పేరులో (2) బదులు (3) ఉన్నచో అది వేరొక పదార్థము. స్ఫటికములు పసుపు కావు, ఎరుపు.

ఇంకొక విశేషము. సయనైడు అను మాటకు మూలము విషము కాదు, రంగు. సుమారు 1706లో బెర్లిను నగరమున డీస్‌బాఖ్ అను రంగులపనివాడు ఎర్రరంగు చేయబోగా చిక్కని నీలము వచ్చెను. అదియే ప్రష్యా నీలము. అది ఇనుము, సయనైడు కలిసిన సంక్లిష్టమే. 1782లో స్వీడను దేశపు షీలే ఆ నీలమునుండి ఒక ఆమ్లమును రాబట్టెను. గ్రీకుభాషలో నీలమునకు గల పేరునుబట్టి సయనైడు అను మాట పుట్టినది. తల్లివంటి ఆ నీలమే నేడు మందు. 1987లో బ్రెజిలు దేశపు గొయానియా నగరములో, పాడుపడిన వైద్యశాలా యంత్రమునుండి రేడియోధార్మికమైన సీజియము బయటపడి జనులకు అంటినప్పుడు, వారికి ప్రష్యా నీలమునే మ్రింగించిరి. ప్రేవులలో అది సీజియమును పట్టుకొని బయటికి కొనిపోయెను.

పేరులో ముందువచ్చు చిన్నమాటకు ప్రాణమంత విలువ కలదనుటకు మరియొక ఉదాహరణతో ముగించెదము. 1844లో ఇటలీవాడగు పేరోనే ప్లాటినముతో ఒక లవణమును చేసెను. ప్లాటినము చుట్టు నాలుగు పీటలు, చదునైన చతురస్రములో. రెండింట అమ్మోనియాలు, రెండింట క్లోరైడులు. క్లోరైడులు ప్రక్కప్రక్కల నున్నచో పేరుకు ముందు సిస్ అనియు, ఎదురెదుట నున్నచో ట్రాన్స్ అనియు చేర్తురు. నూరేండ్లకు పైగా దానిని మందుగా ఎవరును ఎంచలేదు. అమెరికాలో రోజన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు సూక్ష్మజీవులమీద విద్యుత్తు ప్రభావమును చూడబోయి, అవి చీలక దారములవలె పొడుగుగా పెరుగుట గమనించెను. కారణము విద్యుత్తు కాదు. ప్లాటినపు కడ్డీలనుండి కరగి, ద్రవములోని అమ్మోనియాతోను క్లోరైడుతోను కలిసిన ప్లాటినము. ఈ సంగతిని 1965లో ప్రకటించెను. పిదప పరిశోధనలలో కాన్సరు కణముల విభజనను కూడ సిస్ రూపము ఆపునని తేలినది. 1978నుండి అది అమెరికాలో వైద్యులచేతికి వచ్చెను.

దాని నిండుపేరు సిస్-డైఅమ్మైన్‌డైక్లోరిడోప్లాటినం (2). సిస్ తీసి ట్రాన్స్ అన్నచో పాళ్లు అవే, బరువు అదే, కాని మందు కాదు. ఏలయన, ప్రక్కప్రక్కల నున్న క్లోరైడులు తొలగినచోట ఆ ప్లాటినము కణపు జన్యుపదార్థములో ఇరుగుపొరుగున నున్న రెండు స్థానములను ఒక్కమారుగ పట్టుకొనును. ఎదురెదుట నున్నవి ఆ పనికి అందవు. ఒక రోగికి ఆయుర్దాయము రెండు అక్షరములలో నున్నది.

కావున పాఠకులకు మా మనవి ఇది. ఇకమీదట పొట్లముమీద గాని, మందుసీసామీద గాని పొడుగు పేరు కనబడినప్పుడు ఒక్క ముక్కను పట్టుకొని భయపడవలదు, భరోసా పడవలదు. మొదటినుండి చివరివరకు, కుండలీకరణములలోని అంకెతో సహా చదువుడు. నీటిలో మండు సోడియము, ఊపిరాడనీయని క్లోరిను కలిసిన పదార్థమే మనము ప్రతిదినము అన్నములో కలుపుకొను ఉప్పు. పదార్థమున్నదా అని కాదు, అది ఎట్లు కట్టుబడియున్నదని ప్రశ్నింపవలెను. ఆ ప్రశ్నకు సమాధానము పేరులోనే ఉన్నది.